రక్షరేకు: ప్రాచీన జాతుల భయము, నమ్మకము, వైద్యము

రాజుల చరిత్ర శిలాశాసనములయందును, శిథిలమైన కోటగోడలయందును నిలిచియున్నది. సామాన్య గృహస్థుని చరిత్రకు అట్టి సాక్ష్యములు తక్కువ. అతడు దేనిని కోరెనో, దేనికి భయపడెనో తెలిసికొనవలెనన్నచో మనము చిన్న వస్తువులను ఆశ్రయింపవలసియున్నది. ప్రాచీన నగరముల దిబ్బలలోను, సమాధులలోను, ఇండ్ల నేలల క్రిందను దారమునకు గ్రుచ్చుటకై రంధ్రము వేసిన చిన్న రాయియో, పూసయో, లోహపు రేకో దొరకుట సర్వసాధారణము. వీనిలో కొన్ని కేవలము ఆభరణములు. పెక్కింటిని మాత్రము జనులు అలంకారమునకు గాక ఆపదనుండి కాపాడుకొనుటకై ధరించిరి. అట్టి వానినే మన తెలుగువారు రక్షరేకులనియు, తాయెత్తులనియు పిలుచుచున్నారు.

ఈ వస్తువులను చూచి నవ్వుట సులభము. నవ్వుటకు ముందు ఒక విషయము జ్ఞప్తియందుంచుకొనవలెను. ప్రాచీన కాలమున పుట్టిన శిశువులలో సుమారు నాలుగవవంతు మంది ఏడాది నిండకయే మరణించిరనియు, దాదాపు సగముమంది యౌవనము రాకమునుపే గతించిరనియు చరిత్రకారులు అంచనా వేయుచున్నారు. జ్వరమునకు కారణము తెలియదు. తేలుకాటునకు నమ్మదగిన విరుగుడు లేదు. ప్రసవము స్త్రీకి పునర్జన్మము. అట్టి లోకమున బిడ్డ మెడలో దారము కట్టిన తల్లి తనకు చేతనైన పని తాను చేసినది. ఆ దారము ఏ యే దేశములలో ఏ యే రూపములు దాల్చెనో, దానిని గూర్చి ఆనాటి వైద్యులు ఏమి తలచిరో విచారించుటయే ఈ వ్యాసోద్దేశము.

ఈజిప్టు

రక్షరేకుల విషయమున ప్రాచీన ఈజిప్టుతో సరితూగు దేశములు అరుదు. ఆ దేశభాషలో రక్షరేకును తెలుపు పదములు పెక్కు గలవు. ‘సా’, ‘మెకెత్’ అనునవి రక్షణ అను అర్థము గలవి. ‘వెజా’ అను పదమునకు క్షేమము, స్వస్థత అని అర్థము. ఇంగ్లండు దేశపు పురావస్తు శాస్త్రజ్ఞుడు ఫ్లిండర్స్ పెట్రీ 1914లో ప్రకటించిన గ్రంథమున ఈ రక్షరేకులను 275 రకములుగా వర్ణించి, వానిని ఐదు తరగతులుగా విభజించెను. అవయవములను, జంతువులను పోలినవి కొన్ని, శక్తిని, అధికారమును ప్రసాదించునవి కొన్ని, పరలోకమున మృతునకు కావలసిన సొత్తునకు బదులుగా ఉంచునవి కొన్ని, కేవలము రక్షణకై ధరించునవి కొన్ని, దేవతామూర్తులు కొన్ని. ఈ విభజన నేటికిని పండితులకు ఉపయోగపడుచునే యున్నది.

ఈజిప్షియనుల దృష్టిలో రూపమెంత ముఖ్యమో రంగును, పదార్థమును అంత ముఖ్యములు. ఆకుపచ్చ మొలకెత్తు పైరునకు చిహ్నము, కావున ఆరోగ్యమునకును పునరుజ్జీవనమునకును చిహ్నము. ఎరుపు రక్తమునకును, తేజస్సునకును గుర్తు. మృతులతో నుంచు గ్రంథమున ఏ రక్షరేకును ఏ పదార్థముతో చేయవలెనో నియమములు గలవు. ఒసిరిస్ దేవుని వెన్నెముకగా భావింపబడిన స్తంభాకృతిని బంగారముతో చేయవలెను. ఐసిస్ దేవి ముడిని ఎఱ్ఱని జాస్పరు రాతితో చేయవలెను. బంగారము కొనలేని వారి గతి యేమి? వారికొరకు ఈజిప్టు శిల్పులు ఫయాన్స్ అను పదార్థమును కల్పించిరి. మెత్తగా నూరిన ఇసుకరాతిపొడికి సున్నమును, క్షారమును చేర్చి, రాగి కలిపి కాల్చినచో దానిపై నీలాకుపచ్చని మెరుగు వచ్చును. మట్టి అచ్చులలో ఒత్తి దీనితో రక్షరేకులను విరివిగా తయారు చేసిరి. అఖెనాటెన్ చక్రవర్తి రాజధానియైన అమర్నాలో పెట్రీ 1891-92లో త్రవ్వినప్పుడు అట్టి అచ్చులు వేలకొలది దొరకినవి. దీనినిబట్టి రక్షరేకు కేవలము ధనికుల సొత్తు కాదనియు, అంగడిలో అమ్ముడుపోవు సరకనియు తేలుచున్నది.

అన్నిటికంటె ప్రసిద్ధమైనది హోరస్ దేవుని నేత్రము. శత్రువైన సేత్ ఆ కంటిని పెరికివేయగా, విద్యాధిదేవతయైన థోత్ దానిని మరల స్వస్థపరచెనని కథ. చెడి మరల బాగుపడిన కన్ను కావున, అది ధరించినవారికి సమగ్రమైన ఆరోగ్యము చేకూర్చునని నమ్మిక. రెండవది పేడపురుగు. అది పేడను ఉండగాచేసి దొర్లించుకొనిపోవుటయు, అందుండి పిల్లపురుగులు వెలువడుటయు చూచి, ఈజిప్షియనులు దానిని ఉదయసూర్యునితో పోల్చిరి. వారి భాషలో ఆ పురుగు పేరును, ‘ఉద్భవించు’ అను క్రియయు ఒకే ధాతువునకు సంబంధించినవి. మన ఊళ్ళలో కాలితో త్రోసివేయు పురుగు అచ్చట సృష్టికి సంకేతమైనది!

ఈ పేడపురుగు ఆకృతి గల పెద్ద రాతిని మృతుని హృదయముపై నుంచుట ఒక ఆచారము. పరలోకమున ధర్మాసనము ముందు మృతుని హృదయమును త్రాసులో తూచెదరని వారి విశ్వాసము. ఆ సమయమున తన హృదయమే తనకు ప్రతికూలముగా సాక్ష్యము చెప్పకుండునట్లు ప్రార్థించు మంత్రమును ఆ రాతిపై చెక్కెడివారు. పాముకు, తేలుకు భయపడినట్లే మనుష్యుడు తన మనస్సాక్షికి భయపడి, దానికిని ఒక రక్షరేకు కల్పించుకొనుట ఆలోచింపదగినది.

1922లో హవర్డ్ కార్టర్ కనుగొన్న టుటన్‌ఖామెన్ సమాధి సంగతి పాఠకులు ఎరుగుదురు. 1925లో ఆ రాజు శవముపైనున్న కట్లను విప్పగా వాని పొరలలో 143 వస్తువులు బయల్పడినవి. వానిలో అనేకము రక్షరేకులు. బంగారమునకు కొదువలేని ఆ సమాధిలో ఇనుముతో చేసిన చిన్న తలదిండు ఆకృతి యొకటి దొరకినది. అది మృతుని శిరస్సు మొండెమునుండి వేరుకాకుండ కాపాడునని నమ్మకము. క్రీ.పూ. 14వ శతాబ్దమున ఈజిప్టులో ఇనుము బంగారముకంటె దుర్లభము. ఆ సమాధిలోనే దొరకిన ఇనుప బాకు ఉల్కాలోహముతో చేసినదని 2016లో ప్రకటించిన పరీక్షలు నిర్ధారించినవి.

మృతుల రక్షరేకులు రాజవైభవమును చూపుచున్నవి. జీవించియున్నవారి రక్షరేకులు హృదయమును కదలించును. గర్భిణులను, బాలింతలను కాపాడుటకు నీటిగుఱ్ఱపు రూపము గల తవేరెట్, నాలుక వెళ్ళబెట్టిన మరుగుజ్జు బేస్ అను దేవతల ప్రతిమలను ధరించెడివారు. క్రీ.పూ. 1000 తరువాతి శతాబ్దములలో శిశువు పుట్టగానే దేవతలచే ఒక హామీపత్రము వ్రాయించుకొను ఆచారము బయలుదేరినది. సన్నని పొడవాటి పపైరస్ పట్టీపై, ఈ బిడ్డను పామునుండి, తేలునుండి, రోగములనుండి, ప్రయాణములలోని ఆపదలనుండి కాపాడెదమని దేవతలు మాట యిచ్చినట్లు వ్రాసి, బిడ్డ పేరు చేర్చి, దానిని చుట్టి, చిన్న గొట్టములో పెట్టి మెడలో వ్రేలాడదీసెడివారు. ఈ పత్రములను ఎడ్వర్డ్స్ అను పండితుడు 1960లో సంపుటముగా ప్రకటించెను. దేవతలతో సైతము వ్రాతపూర్వకముగా ఒడంబడిక చేసికొనిన ఆ తలిదండ్రుల జాగ్రత్త, దస్త్రములతో పరిచయముగల మనవంటి వారికి తేలికగానే అర్థమగును.

బాబిలోనియా, యెరూషలేము

టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల మధ్యదేశమున బాలింతలకు భయకారణము లమష్టు అను పిశాచి. ఆమె ఆకాశదేవుడైన అనుకు కుమార్తె. పురిటింట జొరబడి శిశువును హరించుట ఆమె పని. ఆమెను ఎదిరించుటకు ఆ దేశస్థులు ఏ సౌమ్యదేవతను ఆశ్రయించిరనుకొందురు? సౌమ్యదేవతను కాదు, దుష్టవాయువులకు రాజైన పజూజు అను మరియొక భూతమును! క్రీ.పూ. మొదటి సహస్రాబ్దిలో పజూజు శిరస్సును చిన్న ప్రతిమగా చేసి స్త్రీలు ధరించిరి. పారిస్ నగరములోని లూవ్ర్ ప్రదర్శనశాలలో ఒక కంచుపలక కలదు. పలకపైనుండి పజూజు తొంగిచూచుచుండును. క్రిందిభాగమున లమష్టు గాడిదపై నెక్కి, పడవలో, నదిమీదుగా పాతాళమునకు సాగనంపబడుచుండును. దువ్వెన, కదురు మొదలగు స్త్రీలకు ప్రియమైన కానుకలు ఆమెకొరకు చిత్రింపబడియున్నవి. కీడును కొట్టి తరుముట ఒక పద్ధతి. కానుకలిచ్చి పంపివేయుట మరియొక పద్ధతి. బాబిలోనియనులు రెండింటిని ఒకే పలకపై అమర్చిరి. వారు రాళ్ళ గుణములను, గుర్తులను వివరించు పట్టికలు కూడ వ్రాసిపెట్టిరి; ఏ వ్యాధికి ఏ రాళ్ళను ఏ దారమున గ్రుచ్చి ఏ అవయవమునకు కట్టవలెనో నిర్ణయించిరి.

‘రక్షరేకు’ అను మన తెలుగుమాటకు అక్షరాల సరిపోవు వస్తువు 1979లో యెరూషలేము వద్ద కేతెఫ్ హిన్నోమ్ అనుచోట ఒక సమాధి గుహలో దొరకినది. గాబ్రియేల్ బర్కాయ్ అను శాస్త్రజ్ఞుడు జరిపిన త్రవ్వకములలో, చుట్టచుట్టిన రెండు చిన్న వెండిరేకులు బయల్పడినవి. వానిలో పెద్దదాని పొడవు పది సెంటీమీటర్లకు లోపే. పెళుసెక్కిన ఆ రేకులను చిట్లకుండ విప్పుటకు సంవత్సరములు పట్టినవి. విప్పి చూడగా, యూదుల పవిత్రగ్రంథమందలి పురోహితాశీర్వచనము సన్నని గీతలతో వాటిపై కనిపించినది. క్రీ.పూ. 600 ప్రాంతమునకు చెందినవని పండితులు నిర్ణయించిన ఈ రేకులపై గల పాఠమే బైబిలు పాఠములలో నేటికి లభించినవానిలో ప్రాచీనతమమైనది. మెడలో కట్టుకొనిన రక్షరేకు ఈ విధముగా ఒక మహాగ్రంథ చరిత్రకు సాక్ష్యమైనది.

గ్రీసు, రోము

క్రీ.పూ. 430లో ఏథెన్సు నగరమును మహామారి ముట్టడించెను. ఆ నగరమునకు చిరకాలము నాయకుడై, హేతువాదులైన తత్త్వవేత్తలతో స్నేహము చేసిన పెరిక్లీసు మరుసటి సంవత్సరము వ్యాధిగ్రస్తుడై మరణించెను. అతడు మంచముపై నుండగా, చూడవచ్చిన మిత్రునికి తన మెడలో స్త్రీలు కట్టిన రక్షను చూపెననియు, ఇట్టి పిచ్చిపనికి కూడ ఒప్పుకొంటినన్నచో నా వ్యాధి ఎంత ముదిరినదో గ్రహింపుమను భావమును తెలిపెననియు థియోఫ్రాస్టసు చెప్పినట్లు ప్లూటార్కు వ్రాసెను. నమ్మకము లేకయే కట్టించుకొనిన రక్ష అది. ఇంటివారి మాట కాదనలేక కట్టించుకొనువారు అన్ని కాలములయందును గలరు.

రోమనుల ఇండ్లలో స్వతంత్రులకు పుట్టిన మగపిల్లలు ‘బుల్లా’ అను గుండ్రని పతకమును మెడలో ధరించెడివారు. ధనికులకు బంగారపుది, పేదలకు తోలుది. యుక్తవయస్సు రాగానే దానిని తీసి గృహదేవతలకు సమర్పించెడివారు. ఆడుపిల్లలు నెలవంక ఆకారము గల బిళ్ళను ధరించిరి. మలేరియా పీడితమైన రోములో జ్వరమునకు వేరొక రక్ష ఉండెడిది. సెరేనస్ సమ్మోనికస్ అను రచయిత తన వైద్యకావ్యమున, ‘అబ్రకదబ్ర’ అను మాటను ఒక పత్రముపై వ్రాసి, దాని క్రింద వరుసవరుసకు ఒక్కొక్క అక్షరము తగ్గించుచు వ్రాసి, మెడలో కట్టుకొనవలెనని చెప్పెను. అక్షరములు క్షీణించినట్లు జ్వరమును క్షీణించునని ఇందలి భావము. నేడు గారడివారి నోట వినిపించు ఆ మాట ఒకనాడు జ్వరపీడితుని ఆశ.

కాలక్రమమున ఈ ఆశయే నేరమైనది. రెండవ కాన్‌స్టాంటియసు చక్రవర్తి కాలమున, క్రీ.శ. 359 ప్రాంతమున, రాజద్రోహ విచారణలు సాగుచుండగా, చాతుర్థిక జ్వరము తగ్గుటకై మెడలో రక్ష కట్టుకొనినవానికి సైతము మరణదండనము తప్పలేదని అమ్మియానసు అను చరిత్రకారుడు వ్రాసియున్నాడు. ప్రజల భయములకు మందు చూపక, ఆ భయముల గుర్తులను మాత్రము శిక్షించుట క్రౌర్యమే యగును.

వైద్యుల విచారణ

ఆనాటి వైద్యులు రక్షరేకులను గూర్చి మూడు విధములుగా ఆలోచించిరి. క్రీ.శ. రెండవ శతాబ్దమున రోములో వైద్యము చేసిన సొరానసు, స్త్రీల రక్తస్రావమునకు కట్టు రక్షలలో స్వతస్సిద్ధమైన శక్తి లేదని నమ్మెను. ఐనను వానిని నిషేధింపలేదు. వాని వలన రోగికి ఆశ కలిగి మనస్సు తేటపడునని అతని అభిప్రాయము.

అదే శతాబ్దమువాడైన గాలెన్ పరీక్షించి చూడదలచెను. మూర్ఛరోగము గల బాలునకు పియోనీ అను మొక్క వేరును మెడలో కట్టగా ఎనిమిది నెలలు మూర్ఛ రాలేదు. అది జారిపడగా మరల వచ్చినది. తిరిగి కట్టగా ఆగినది. గాలెన్ పరీక్షార్థము తానే తీసివేయగా మరల వచ్చెనని వ్రాసెను. వేరునుండి వెలువడు సూక్ష్మకణములను బాలుడు పీల్చుటవలననో, చుట్టునున్న గాలి మారుటవలననో ఇట్లు జరిగెనని అతడు ఊహించెను. ఆకుపచ్చని జాస్పరు రాయి కడుపునకు మంచిదనియు, దానిపై కిరణములు గల సర్పమును చెక్కవలెననియు నెకెప్సోసు అను ఈజిప్టు రాజు పేర వాడుక యుండెను. గాలెన్ సర్పము చెక్కని రాళ్ళనే హారముగా కూర్చి రోగులకు కట్టి, గుణములో భేదము లేదని చెప్పెను. రాతిలో శక్తి కలదన్న అతని నిర్ణయమును నేటి శాస్త్రము అంగీకరింపదు. ఒక్క బాలుని యందు చేసిన పరీక్ష చాలదు. కాని చెక్కడమును తొలగించి చూచిన ఆ ప్రశ్న గొప్పది. గుణము మంత్రము వలనా, పదార్థము వలనా, లేక రెండింటి వలనను కాదా? ఈ ప్రశ్ననుండియే వైద్యశాస్త్రము ఎదిగినది.

మూడవ ఆలోచన మన దేశపుది.

భారతదేశము

అథర్వవేదమున ‘మణి’ అను పేర రక్షలను స్తుతించు సూక్తములు పెక్కు గలవు. ఆ మణులు రత్నములే కానక్కరలేదు. జంగిడము, పర్ణము, వరణము, ఔదుంబరము అను వృక్షౌషధుల మణులు, దర్భ, సముద్రమున పుట్టిన శంఖము, బంగారము, త్రికకుత్పర్వతమునుండి తెచ్చిన అంజనము ఇందు చేరును. కౌశికసూత్రము వీనిని పెరుగులోను, తేనెలోను ఊరవేసి, పిమ్మట కట్టు విధానమును తెలుపుచున్నది. రోగనివారణము, దీర్ఘాయువు, శత్రుజయము ఇందలి ప్రయోజనములు.

చరకసంహిత సూత్రస్థానము చికిత్సను మూడు విధములుగా విభజించినది. దైవవ్యపాశ్రయము, యుక్తివ్యపాశ్రయము, సత్త్వావజయము. మంత్రములు, మణిధారణము, బలి, హోమము మొదలగునవి మొదటి తరగతిలోనివి. ఆహారౌషధముల యుక్తమైన యోజనము రెండవది. అహితవిషయములనుండి మనస్సును నిగ్రహించుట మూడవది. ఇట్లు విభజించుటలో ఒక వివేకమున్నది. మణి ఔషధము కాదు; ఔషధము మణి కాదు. దేని చోటు దానిది. సొరానసు చెప్పిన మనోధైర్యమునకును, గాలెన్ వెదకిన పదార్థగుణమునకును ఇచ్చట వేర్వేరు గదులు కట్టబడినవి.

సాహిత్యమున రక్షకరండకమునకు శాశ్వత కీర్తి తెచ్చినవాడు కాళిదాసు. అభిజ్ఞాన శాకుంతలము సప్తమాంకమున బాలభరతుని ముంజేతి రక్ష నేలబడును. మారీచుడొసగిన అపరాజిత అను ఓషధి గల ఆ రక్షను తలిదండ్రులును, ఆ బాలుడును తప్ప ఇతరులు తాకినచో అది సర్పమై కాటువేయును. దుష్యంతుడు దానిని ఎత్తుకొనుటయు, అది సర్పము కాకుండుటయు చూచి తాపసస్త్రీలు విస్మితులగుదురు. ఉంగరము పోయి విడదీసిన కుటుంబమును రక్ష దొరకి కలిపినది. బిడ్డకు కట్టిన రక్షకు అర్థము తలిదండ్రుల సంబంధమేయని కవి ఎంత సున్నితముగా సూచించెను!

ముగింపు

మన తెలుగు ఇండ్లలో మొలత్రాడు, పులిగోరు పతకము, రాగి తాయెత్తు, దిష్టిబొట్టు నిన్నమొన్నటివరకు పసిపిల్లలకు తప్పనివి. ఉద్యోగరీత్యా ఊరూరు తిరుగు కుటుంబములలో కూడ అవ్వ కట్టిపంపిన దారము బిడ్డతోపాటు ప్రయాణము చేయుచునే యుండెను. 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము తరువాత పులిగోరు ధరించుట నేరము. నేడు రక్ష కావలసినది పులికి. మిగిలిన ఆచారములు ఎవరి విశ్వాసము కొలది వారివి.

ఐనను చరిత్ర మనకు ఒక హెచ్చరిక చేయుచున్నది. ఈజిప్టు తల్లికిని, బాబిలోనియా తల్లికిని రక్షరేకు తప్ప గత్యంతరము లేదు. ఉన్నదంతయు వారు చేసిరి. నేటి తల్లికి టీకా కలదు, మలేరియాకు మందు కలదు, పాముకాటునకు విరుగుడు కలదు. దారము కట్టుట వలన హాని లేకపోవచ్చును. దారము కట్టి ఆసుపత్రికి పోవుట ఆలస్యము చేసినచో హాని కలదు. ఆ ఆలస్యమువలన పోయిన ప్రాణములు మన పల్లెలలో తక్కువ కావు. చరకుడు మణిని, ఔషధమును వేర్వేరుగా నిలిపిన వివేకమును మనమును పాటించినచో చాలును. పపైరస్ పట్టీపై బిడ్డ పేరు వ్రాయించుకొని దేవతలనుండి మాట పుచ్చుకొనిన ఆ తలిదండ్రులు నేడుండినచో, టీకా వేయించుటకు అందరికంటె ముందుగా వరుసలో నిలుచుందురనుటలో సందేహము లేదు.